సెకండ్ హ్యాండు కానుక

ఈ సంచికలో దేశ సమస్యలను గూర్చి వ్రాసేవారు చాలామంది ఉంటారు. నిరుద్యోగం, పరీక్షల విధానం, యువతరం కర్తవ్యం – ఇవన్నీ నాకంటె సమర్థులైన మిత్రుల చేతుల్లో ఉన్నాయి గనుక నేను ఒక చిన్న విషయం తీసుకుంటున్నాను. తక్కువ డబ్బుతో ఒక పాత కీబోర్డు కొని ఒకరికి కానుకగా ఇవ్వాలంటే ఎలా ఎంచుకోవాలి? "ఇదేం వ్యాసమయ్యా, సంత బేరంలాగా ఉంది!" అని పేజీ తిప్పబోయే అధ్యాపక మహాశయులకు ఒక్క మనవి. ఇలాంటి బేరంలోనే ఒక చిన్నపిల్ల రెండేళ్ళ సంగీతం పోయింది. అది పోగొట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిసినారులు అసలే కారు. ప్రేమతో కొన్నారు. ఆ ప్రేమకు కాస్త శ్రమ తోడైతే ఆ నష్టం జరిగేది కాదని నా వాదం.

మా హాస్టలు మెస్సులో వంట మాస్టారు ఉన్నారు. పదిహేనేళ్ళుగా మా వంటి వాళ్ళకు సాంబారు పోస్తూ, మేము దాన్ని నీళ్ళని తిడుతుంటే నవ్వుతూ వింటున్న మనిషి. ఆయన తండ్రి విజయనగరం వైపు పల్లెల్లో నాటకాలకు హార్మోనియం వాయించేవారట. ఆ హార్మోనియం ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో ఉంది. తిత్తిని ఎలుకలు కొట్టేశాయి, సగం రీడ్లు మూగవి. మాస్టారికి వాయించడం రాదు. ఆయన కూతురికి మాత్రం తాత చెయ్యి వచ్చింది. సెలవుల్లో తండ్రితో మెస్సుకు వచ్చి, బల్లమీద స్టీలు గ్లాసులు వరసగా పెట్టి, నీళ్ళు ఎక్కువ తక్కువ పోసి స్వరాలు కట్టేది. ఎవరూ నేర్పలేదు. జలతరంగం అనే మాట కూడా ఆ పిల్ల అప్పటికి విని ఉండదు.

రెండేళ్ళ క్రితం మా పై బ్యాచ్ వాళ్ళు అది చూసి ముచ్చటపడ్డారు. పోతూ పోతూ చందాలు వేసుకుని, సరికొత్త కీబోర్డు ఒకటి రంగు కాగితం చుట్టి ఆ అమ్మాయి చేతికిచ్చారు. అప్పుడామె ఏడో తరగతి. దానికి వంద రకాల తాళాలు, ఒక మైకు, నొక్కితే వెలిగే దీపాలు. అందరం చప్పట్లు కొట్టాం. ఫొటోలు తీసుకున్నాం. నేనూ ఆ ఫొటోలో ఉన్నాను.

ఈ సంవత్సరం మా వంతు వచ్చింది. ఫైనలియర్ వాళ్ళం 42 మందిమి తలా 150 రూపాయలు వేసుకున్నాం. మొత్తం 6,300. మాస్టారికి ఒక వాచీ, ఒక శాలువ అనుకున్నాం. ఆయన తల అడ్డంగా ఊపి, "నాకెందుకు బాబూ? పిల్లకి పుస్తకాలు కొనిపెట్టండి" అన్నారు. మరి కీబోర్డు నేర్చుకుంటోందా అని అడిగాను. ఆయన మాట మార్చారు. ఇంటికి వెళ్ళి చూస్తే అది బీరువా మీద, అట్టపెట్టెలో, దుమ్ము కొట్టుకుని ఉంది.

"వాయించడం లేదేమమ్మా?" అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఊరుకుని, "నాకు రాదన్నయ్యా" అంది. "టీచరుగారు ఇక్కడ మెత్తగా, ఇక్కడ నొక్కి అని చెప్తారు. నేనెలా నొక్కినా ఒక్కలాగే మోగుతోంది. రెండు మూడు మెట్లు కలిపి నొక్కితే ఒకటి ఆగిపోతోంది. తప్పు నా చేతిదే అనుకున్నాను."

మిత్రులారా, ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే వ్రాస్తున్నాను.

తప్పు ఆ చేతిది కాదు. ఆ కీబోర్డు బొమ్మ. దాని మెట్లు మామూలు మెట్లకంటె సన్నవి. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా దానికి తేడా తెలియదు. ఒకేసారి కొన్ని స్వరాలకు మించి పలకలేదు. అయితే ఆ సంగతి వాయిద్యం చెప్పదు, అమ్మినవాడు చెప్పడు, కొన్నవాళ్ళకు తెలియదు. ఇక మిగిలింది నేర్చుకునే పిల్ల ఒక్కతే. నింద అంతా ఆ చేతి మీదికి దిగింది. నాసిరకం చెప్పులు కొనిస్తే కాలు కరిచి వెంటనే తెలిసిపోతుంది. నాసిరకం వాయిద్యం అలా కాదు. అది మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని కొరుకుతుంది, నొప్పి కూడా తెలియనివ్వదు. పైగా అది పెద్దవాళ్ళు ప్రేమతో ఇచ్చింది. బాగాలేదని అనడానికి ఆ పిల్లకు నోరెలా వస్తుంది? ఆ తండ్రికి ఎలా వస్తుంది?

కాబట్టి మొదటి సూత్రం ఇది: వాయిద్యం కానుకగా ఇచ్చేవాడు ఎంచుకునే శ్రమ పూర్తిగా తన నెత్తిన వేసుకోవాలి. తీసుకునేవాళ్ళకు తప్పులెంచే హక్కు మన మర్యాదలు ఇవ్వలేదు.

మా మిత్రులలో ముగ్గురిని కమిటీగా వేశారు. నేను భౌతికశాస్త్రం వాణ్ణి గనుక ఎలక్ట్రానిక్స్ తెలుసునని నమ్మి నన్ను పెద్దను చేశారు. తెలిసింది తక్కువే. రెండు వారాలు తిరిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా చూడవలసింది స్పర్శ, మన దుకాణాల భాషలో టచ్ రెస్పాన్స్. దీని మర్మం చాలా సులభం. మెట్టు క్రింద రబ్బరు పట్టీలో రెండు స్పర్శ బిందువులు ఉంటాయి. మెట్టు దిగుతూ ముందు ఒకదాన్ని, తరువాత రెండోదాన్ని తాకుతుంది. ఆ రెంటికీ మధ్య పట్టిన కాలాన్ని లోపలి యంత్రం కొలుస్తుంది. కాలం తక్కువైతే వేలు వేగంగా దిగిందన్నమాట, స్వరం గట్టిగా పలుకుతుంది. కాలం ఎక్కువైతే మెత్తగా పలుకుతుంది. అంటే మనం బలమనుకునేది నిజానికి వేగం. ఈ ఏర్పాటు లేని కీబోర్డు మీద ఏడేళ్ళు సాధన చేసినా వేళ్ళకు మెత్తదనం అబ్బదు.

ఒకే కంపెనీ, ఒకే రూపం, పక్కపక్క నంబర్లు – అయినా ఒకదానిలో ఇది ఉంటుంది, ఒకదానిలో ఉండదు. యమహాలో పీఎస్ఆర్-ఇ273కు స్పర్శ లేదు, ఇ373కు ఉంది. కాసియోలో సీటీ-ఎస్200కు లేదు, సీటీ-ఎస్300కు ఉంది. అన్నిటికీ 61 మెట్లే, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. నంబరులో ఒక్క అంకె తేడాలో ఒక పిల్ల చదువు ఉంది. ప్రకటనలో "నాలుగువందల స్వనాలు, రెండువందల తాళాలు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ నాలుగువందలలో నేర్చుకునేవాళ్ళు వాడేది ఐదో ఆరో. మిగతావి చుట్టాలు వచ్చినప్పుడు వినిపించడానికి పనికివస్తాయి.

రెండవది మెట్ల కొలత. మామూలు కొలత మెట్లయితే ఏడు తెల్లమెట్లు కలిపి సుమారు 16న్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. జేబులో చిన్న స్కేలు పెట్టుకుని వెళ్ళండి. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి. సన్నమెట్ల మీద అలవాటైన చెయ్యి రేపు వేదిక మీద అసలు మెట్ల ముందు కూర్చుంటే, పక్క ఊరి బస్సెక్కినట్టు ప్రతి వేలూ పక్క స్వరం మీద దిగుతుంది. మెట్లు 61 ఉంటే ఐదు స్థాయిలు వస్తాయి, రెండు చేతులతో వాయించడానికి ఇబ్బంది ఉండదు.

ఇక్కడ మా కమిటీలో ఒక తగాదా వచ్చింది. మాలో ఒకాయన గొప్ప సినీ సంగీతాభిమాని. "ఇస్తే సింథసైజరే ఇవ్వాలి, కీబోర్డు ఎవడైనా ఇస్తాడు" అని పట్టుబట్టాడు. పెళ్ళిళ్ళలో పాటకచేరీలు చేసే ఆర్కెస్ట్రా అతనొకడు తన పాత సింథసైజరు అమ్ముతున్నాడని తెలిసి, ముగ్గురం వెళ్ళాం. చూడ్డానికి విమానం నడిపే గదిలాగా ఉంది. సింథసైజరు చరిత్ర గొప్పదే, కాదనను. 1970లో వచ్చిన మినీమూగ్ ఒకేసారి ఒక్క స్వరమే పలికేది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 ఒకేసారి 16 స్వరాలు పలికి, ఆ దశకం సంగీతపు రంగునే మార్చేసింది. అదే ఏడు మిడి అనే ఉమ్మడి భాష పుట్టి, ఒక కంపెనీ వాయిద్యం ఇంకో కంపెనీ వాయిద్యంతో మాట్లాడసాగింది. ఇదంతా విని నేనూ కొంత మెత్తబడ్డాను.

అప్పుడు మా మూడోవాడు, ఎప్పుడూ మాట్లాడనివాడు, "దీనికి స్పీకరేదీ?" అన్నాడు.

లేదు. చాలా సింథసైజర్లకు సొంత స్పీకరు ఉండదు. విడిగా యాంప్లిఫయరో, కనీసం హెడ్‌ఫోనో కావాలి. ధ్వనిని మలచే మీటల అర్థం తెలియాలి. పాతబడ్డ వాటిలో చేసి పెట్టుకున్న స్వనాలను గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ లోపల ఉంటుంది. అది అయిపోతే ఆ స్వనాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ధ్వనులు సృష్టించాలన్న తపన ఉన్నవాడికి అది కల్పవృక్షం. ఒకటిన్నర గది ఇంట్లో, వంటింటి గట్టు పక్కన కూర్చుని సరళీస్వరాలు వాయించే పిల్లకు అది ఇంకో అట్టపెట్టె. మన మోజు తీర్చుకోవడానికి ఇంకొకరి పేరు వాడుకోవడం కానుకల్లో చాలా సాధారణమైన మోసం. మా సినీ సంగీతాభిమాని తిరిగి వచ్చేటప్పుడు సిటీ బస్సులో తనే ఒప్పుకున్నాడు: "నిజం చెప్పాలంటే అది నాక్కావాల్రా."

ఇక పాతదాన్ని పరీక్షించే పద్ధతి. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళం గనుక మనకొక ప్రత్యేకమైన శత్రువు ఉన్నాడు – సముద్రపు గాలి. ఉప్పు, తేమ, దుమ్ము కలిసి ఆ రబ్బరు పట్టీ క్రింది స్పర్శ బిందువుల మీద పొరగా పేరుకుంటాయి. రెంటిలో ఒకటి సరిగా పట్టకపోతే ఆ మెట్టు మూగబోతుంది, లేదా మెల్లగా తాకినా కేకవేస్తుంది. అందుచేత అమ్మేవాడు వాయించి చూపించే పాటకు మురిసిపోకండి. అతడు తనకు తెలిసిన మంచి మెట్ల మీదే వాయిస్తాడు. మీరు ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, తెల్లవీ నల్లవీ వరసగా, 61 మెట్లూ ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా నొక్కండి. పది నిమిషాల పని. మేము చూసిన మొదటి కీబోర్డు కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది గాని, నడిమి స్థాయిలో నాలుగు మెట్లు కేకలు వేశాయి, ఒకటి పలకనే లేదు. ఈ లోపం మరమ్మతుకు లొంగేదే. విప్పి ఆ పట్టీని శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది. కాని ఆ ఖర్చు, ఆ తిప్పట ధరలో తగ్గాలి. లేకపోతే వదిలెయ్యాలి.

తరువాత వెనక్కు తిప్పి బ్యాటరీలు పెట్టే అర తెరవండి. ఎప్పుడో పెట్టి మరచిన బ్యాటరీలు కారితే తెల్లగా, పచ్చగా గడ్డకట్టి ఉంటుంది. అది తీగల దాకా ప్రాకి ఉంటే మందు లేదు. ధ్వని పెంచే గుండీని ఆ కొస నుంచి ఈ కొసకు త్రిప్పండి. కొంచెం గరగర పరవాలేదు గాని, శబ్దం తెగిపోతూ ఉంటే ఆలోచించాలి. రెండు చేతులూ నిండా మెట్లు అదిమి పట్టి, ఏ స్వరమైనా జారిపోతోందా వినండి. అన్నింటికంటె ముఖ్యం, అరగంటసేపు ఆపకుండా నడపండి. కొన్ని రోగాలు వేడెక్కితేగాని బయటపడవు. అమ్మేవారింట్లో అరగంట కూర్చోవడానికి మొహమాటపడి, పదేళ్ళ సాధనను పణం పెట్టకండి.

అడాప్టరు సంగతి మరీ జాగ్రత్త. యమహా ఇంటి కీబోర్డులు ఎక్కువగా 12 వోల్టులవి. కాసియోలు 9 లేక 9.5 వోల్టులవి. వోల్టులు సరిపోతేనే చాలదు. పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది కూడా కుదరాలి. యమహాలకు లోపల ప్లస్సు. 9 వోల్టుల పాత కాసియోలు పెక్కింటికి లోపల మైనస్సు. కీబోర్డు వెనక, కన్నం ప్రక్కనే చిన్న బొమ్మ వేసి ఉంటుంది. "ఏదో ఒకటి దూరిందిగా" అని పెట్టి చూడ్డం మన జాతీయ అలవాటు. ఆ అలవాటు కానుకను ఒక్క క్షణంలో చంపగలదు. చివరగా, పాత బిల్లు అడగండి. లేకపోతే అమ్మేవారి పేరు, ఫోను నంబరు వ్రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. ఒక పిల్లకు దొంగసొత్తు కానుకగా ఇచ్చామన్న అపఖ్యాతి మనకు వద్దు.

ఇంత చెప్పాక కొందరి ఆక్షేపణలకు జవాబు చెప్పాలి.

"ఇదంతా ఎందుకు, ఫోనులో పియానో వస్తుంది కదా?" అంటారు కొందరు. వస్తుంది. సరిగమల చోట్లు చూసుకోవడానికి పనికివస్తుంది కూడా. కాని అద్దం మీద వేలికి దిగే చోటు లేదు. ఈత పుస్తకం చదవవచ్చు, నీళ్ళు వేరు.

"హార్మోనియమే బాగు చేయించి ఇవ్వవచ్చుగా? పైగా ఈ వాయిద్యాల మీద గమకం పలకదు" అని సంగీతం తెలిసిన ఒక లెక్చరరుగారు అడిగారు. ఇది గట్టి ప్రశ్న. తాత హార్మోనియం బాగు చేయించే ప్రయత్నం మేమూ చేశాం. తిత్తి, రీడ్లు, పనివాడి కూలీ కలిపి వాళ్ళు చెప్పిన అంచనా మా డబ్బుకు అందలేదు. గమకం సంగతి నిజమే. మెట్ల వాయిద్యం స్వరానికీ స్వరానికీ మధ్య జారలేదు. ఆ కారణం కూడా చెప్పే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. 1971లోగాని తలుపు కొంత తీయలేదు. ఆ ముప్పై ఒక్క సంవత్సరాలూ మన నాటకాలూ భజనలూ హరికథలూ ఆ హార్మోనియంతోనే బ్రతికాయి. రేడియోకు పనికిరానిది ఊరికి పనికివచ్చింది. ఎవరికి, దేనికి అన్నదే అసలు ప్రశ్న. కొన్ని కీబోర్డులకు పిచ్ బెండ్ అనే చక్రం ఉంటుంది. సీటీ-ఎస్300కు ఉంది. దానితో స్వరాన్ని కొంత వంచవచ్చు. దొరికితే మంచిదే. దొరకకపోయినా, పాట గొంతుతో నేర్చుకునే పిల్లకు కీబోర్డు స్వరస్థానాలు చూపే తోడు. ట్రాన్స్‌పోజ్ అనే మీట నొక్కి ఆమె ఐదు శ్రుతికి కట్టుకుంటే, చేతులు ఒకటి శ్రుతి మెట్ల మీదే ఆడతాయి, మ్రోత ఆమె గొంతుకు సరిపోతుంది. మాయామాళవగౌళ సరళీస్వరాలకు రెండే నల్లమెట్లు, మిగతావన్నీ తెల్లవే. మొదటి పాఠానికి అంతకంటె ఏం కావాలి?

మూడో ఆక్షేపణ అన్నిటికంటె సున్నితమైనది. "పేదవాళ్ళకు పాతది ఇవ్వడం అవమానం కాదా?" ఈ మాట మా మీటింగులోనే వచ్చింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. నేను చెప్పేదిది. మా 6,300కు కొత్తది కొంటే మళ్ళీ దీపాల బొమ్మే వస్తుంది. స్పర్శ ఉన్న 61 మెట్ల కొత్త కీబోర్డు ఈనాడు పదివేలు దాటుతుంది. కొత్త బొమ్మ, పాత వాయిద్యం – ఈ రెంటిలో ఏది ఆ పిల్లను గౌరవిస్తుంది? రంగు కాగితం తీసిన మరునిమిషం నుంచి కొత్తదీ పాతదే. మనం పుస్తకాలు పాతవి కొనుక్కుని చదివి ర్యాంకులు తెచ్చుకున్నాం. పై బ్యాచ్ వాళ్ళ నోట్సులు చేతులు మారి మారి మన దాకా వచ్చాయి. అందులో అవమానం కనబడని మనకు ఇందులో ఎందుకు కనబడాలి? అవమానం పాతదనంలో లేదు. చూడకుండా, వినకుండా, "ఏదో ఒకటి ఇచ్చాంలే" అని ఇవ్వడంలో ఉంది. పాతదని దాచిపెట్టి ఇవ్వడంలోనూ ఉంది.

చివరికి మాకు ఉక్కునగరంలో దొరికింది. ఒక రిటైరైన ఉద్యోగి ఇంట్లో, కొడుకు అమెరికా వెళ్ళాక గుడ్డ కప్పి ఉంచిన 61 మెట్ల కీబోర్డు. ఏ కంపెనీదో చెప్పను, ఇది ప్రకటన కాకూడదు. మెట్లన్నీ నొక్కి చూశాం. పైస్థాయిలో ఒక నల్లమెట్టు కాస్త బద్ధకంగా లేస్తోంది, అంతే. 5,500 చెప్పారు, 4,800కు ఒప్పుకున్నారు. ఎవరి కోసమని అడిగారు. చెప్పాం. దానికి ధర ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. లోపలికి వెళ్ళి, అటక మీద నుంచి పావుగంట వెదికి, దాని పుస్తకమూ, ఒక కాలి పెడలూ తెచ్చి ఇచ్చారు. "అడాప్టరు పోయిందయ్యా, సరైనదే కొనండి, ఏదో ఒకటి పెట్టకండి" అని రెండుసార్లు చెప్పారు. ఆయన మా కమిటీలో నాలుగో సభ్యుడని అప్పుడనిపించింది.

లెక్క కూడా చెప్పేస్తాను, యూనియన్ లెక్కలలా దాచుకోవడం దేనికి? కీబోర్డు 4,800. అడాప్టరు 600. స్టాండు 550. పాత దుప్పటితో కవరు కుట్టించినందుకు 80. ఆటో, బస్సు ఖర్చులు 270. వెరసి 6,300. అడాప్టరు, స్టాండు లేకుండా కీబోర్డు ఒక్కటే ఇచ్చి ఉంటే, అవి కొనే భారం ఆ తండ్రి మీద పడేది. పాతది కొనేటప్పుడు చేతిలో డబ్బంతా వాయిద్యానికే పెట్టకూడదు. అయిదో వంతు ఈ చిల్లర సరంజామాకు అట్టేపెట్టాలి.

ఇచ్చిన రోజున ఫొటోలు తీసుకోలేదు. సెకండ్ హ్యాండుదని ముందే చెప్పాం. మెట్ల మీద ఎవరో చిన్నప్పుడు పెన్సిలుతో స, రి, గ అని వ్రాసుకున్న గుర్తులు ఇంకా లీలగా ఉన్నాయి. తుడిచి ఇద్దామనుకుని మరచిపోయాం. ఆ అమ్మాయి వాటిని వంగి చూసి, "ఇవి ఎవరు రాసుకున్నారన్నయ్యా?" అంది. పేరు చెప్పాను. "ఉండనీండి" అంది. ఒక మెట్టు మెత్తగా నొక్కింది. మళ్ళీ అదే మెట్టు గట్టిగా. మళ్ళీ మెత్తగా. పాటేమీ వాయించలేదు. ఆ ఒక్క స్వరాన్నే పది పన్నెండు సార్లు చిన్నదిగా, పెద్దదిగా పలికించి, తన చేతిని తనే చూసుకుంది. మాస్టారు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్న నెపంతో లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పిల్ల గొప్ప విద్వాంసురాలు అవుతుందో లేదో నాకు తెలియదు. అవసరం కూడా లేదు. రేపు మానేసినా, ఇష్టం లేక మానెయ్యాలి గాని, తన చేయి మంచిది కాదనుకుని మానెయ్యకూడదు. కానుకతో మనం ఇవ్వగలిగింది అంతే, ఇవ్వవలసింది కూడా అంతే.

ఇక యూనియన్ సోదరులకు ఒక సూచన చేసి ముగిస్తాను. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ఒక రాత్రి ఆర్కెస్ట్రాకు మనం పెట్టే ఖర్చు అందరికీ తెలిసిందే. అందులో కొంచెం తగ్గించి, ఒక వాయిద్యాల బీరువా పెట్టండి. హాస్టలు గదుల అటకల మీద తీగలు తెగిన గిటార్లు, గుడ్డ కప్పిన కీబోర్డులు ఎన్నో ఉన్నాయి. పోయేవాళ్ళు అవి వదిలి వెళ్ళాలి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన విద్యార్థులు వాటిని బాగు చెయ్యాలి. రిజిస్టరులో సంతకం పెట్టి, మన మెస్సుల్లో, ఆఫీసుల్లో, తోటల్లో పనిచేసేవారి పిల్లలు వాటిని ఇంటికి తీసుకుపోవాలి. నేర్చుకున్నన్నాళ్ళు ఉంచుకుని తిరిగి ఇవ్వాలి. పూర్వ విద్యార్థులు ఈ వ్యాసం చదువుతూ ఉంటే, దయచేసి ఒకసారి మీ ఇంటి అటక ఎక్కి చూడండి. మీ అబ్బాయి వదిలేసినది ఏదో అక్కడ ఉండే ఉంటుంది.

బ్యాటరీలు మాత్రం ముందే తీసెయ్యండి.